'ఏదో తప్పు జరిగింది' అంటే ఏం జరిగినట్టు? ఎర్రర్ మెసేజ్‌ల మీద అపోహలు - వాస్తవాలు

గత ఎండాకాలంలో మా నాన్న ఒకే కరెంటు బిల్లు రెండుసార్లు కట్టారు. ఓ యాప్‌లో యూపీఐ పిన్ కొట్టారు, చక్రం కాసేపు తిరిగింది, తర్వాత 'ఏదో తప్పు జరిగింది, మళ్ళీ ప్రయత్నించండి' అని వచ్చింది. ఆయన బుద్ధిగా మళ్ళీ ప్రయత్నించారు. చెప్పిందే చేశారు కదా! నేను చేసే ఉద్యోగం యాప్‌లలో ఇలాంటి మాటలు రాయడమే కాబట్టి తిట్లన్నీ నాకే పడ్డాయి. అందుకే ఈ పోస్ట్.

అపోహ: 'ఏదో తప్పు జరిగింది' అంటే చాలు, వివరాలు ఎవరికి కావాలి?

వాస్తవం: డబ్బు విషయంలో ఇంతకంటే ప్రమాదకరమైన వాక్యం లేదు. పేమెంట్ కాకపోవడం వేరు, అయిందో లేదో యాప్‌కే తెలియకపోవడం వేరు. పిన్ తప్పయితే, ఖాతాలో డబ్బు లేకపోతే పేమెంట్ కాలేదని గట్టిగా చెప్పొచ్చు. కానీ బ్యాంకు నుంచి జవాబే రాలేదనుకోండి, అప్పటికే డబ్బు కట్ అయి ఉండొచ్చు, అలాంటప్పుడు 'మళ్ళీ ప్రయత్నించండి' అనడమంటే రెండోసారి కట్టమని మనమే చెప్పినట్టు. అక్కడ రాయాల్సింది ఇలా ఉండాలి: 'బ్యాంకు నుంచి ఇంకా జవాబు రాలేదు. దయచేసి ఇప్పుడే మళ్ళీ కట్టకండి. డబ్బు కట్ అయి బిల్లు కట్టినట్టు నమోదు కాకపోతే, 5 రోజుల్లో మీ ఖాతాలోకి తిరిగి వస్తుంది.' ఈ 5 రోజులు నేను కల్పించింది కాదు. దుకాణాలకు, బిల్లులకు కట్టే యూపీఐ పేమెంట్లకు రిజర్వ్ బ్యాంకు 2019 సెప్టెంబరులో పెట్టిన గడువు అది, దాటితే రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం కూడా ఇవ్వాలి. ఇంత భరోసా ఉన్నా ఆ సమయానికి స్క్రీన్ మీద ఒక్క ముక్క కనిపించదు.

అపోహ: ఎర్రర్ వచ్చిందంటే వాడేవాళ్ళే ఏదో తప్పు చేశారు.

వాస్తవం: ఆధార్ కార్డు తీసి చూడండి. 12 అంకెల నంబరు నాలుగేసి అంకెలుగా, మధ్యలో ఖాళీలతో అచ్చయి ఉంటుంది. కార్డు మీద ఎలా ఉందో అలాగే కొడితే 'చెల్లని నంబరు' అనే ఫారాలు నేనెన్నో చూశాను. ఆ ఖాళీలు తీసేయడం ప్రోగ్రామ్‌కి ఒక్క లైను పని, అది చేయకుండా మనిషి మీద నెట్టేస్తాం. ఇనిషియల్ పక్కన చుక్క పెడితే 'పేరులో ప్రత్యేక అక్షరాలు ఉండరాదు' అనేది ఇంకో రకం. మన ఊళ్ళల్లో సగం మంది పేర్లు ఇంటిపేరు పొడి అక్షరంతోనే కదండీ మొదలయ్యేది. అన్నిటికంటే మంచి ఎర్రర్ మెసేజ్ అసలు రానిదే.

అపోహ: ఇంగ్లీషు మెసేజ్‌ని తెలుగులోకి మారిస్తే పని అయిపోయినట్టే.

వాస్తవం: 'అమాన్యమైన ఇన్‌పుట్' తెలుగేనా? అర్థం కావాలంటే మళ్ళీ ఇంగ్లీషులోకి వెళ్ళాలి. 'ఫోన్ నంబరులో 10 అంకెలు ఉండాలి, మీరు 9 కొట్టారు' అనండి, ఎవరికైనా తెలుస్తుంది. ఇంకో తలనొప్పి అతుకుల వాక్యాలు. ఇంగ్లీషులో పేరు ఎక్కడైనా అలాగే ఉంటుంది, మనకేమో రవికి, రాముకు. పేరు కోసం ఖాళీ వదిలి పక్కన 'కు' అని రాసి పెట్టుకుంటే 'రవి కు డబ్బు వెళ్ళలేదు' అని వస్తుంది, అది చదివితే నాకు పళ్ళ కింద రాయి తగిలినట్టు ఉంటుంది. ఎస్సెమ్మెస్ అయితే స్థలం కూడా తక్కువే: ఇంగ్లీషులో ఒక్క మెసేజ్‌కి 160 అక్షరాలు పడితే తెలుగులో 70, అందులోనూ గుణింతాలు, ఒత్తులు విడిగా లెక్కకొస్తాయి. కాబట్టి అనువాదం చేయకుండా మొదట్నుంచీ తెలుగులోనే ఆలోచించి రాయాలి.

అపోహ: ఎర్రర్ కోడ్‌లు జనానికి అర్థం కావు, తీసేయాలి.

వాస్తవం: తీసేయొద్దు, కిందకి జరపండి. యూపీఐలో 'జడ్9' అంటే ఖాతాలో చాలినంత డబ్బు లేదని, 'జడ్ఎమ్' అంటే పిన్ తప్పని. ఆ ముక్క పైన మామూలు మాటల్లో రాసి, కోడ్‌ని అడుగున చిన్న అక్షరాల్లో పెట్టాలి. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే అదే పనికొస్తుంది. దాన్ని కాపీ చేసుకునే వీలు ఉంటే ఇంకా మంచిది.

అపోహ: వివరంగా చెబితే భద్రతకు ముప్పు.

వాస్తవం: ఇందులో సగం నిజం ఉంది. లాగిన్ దగ్గర యూజర్ ఐడీ తప్పా పాస్‌వర్డ్ తప్పా అన్నది విడదీసి చెప్పకూడదు. చెబితే ఏ నంబరుకి ఖాతా ఉందో దొంగలు ఏరుకుంటారు. కానీ ఈ ఒక్క కారణాన్ని ప్రతిచోటా అడ్డం పెట్టుకుంటారు మావాళ్ళు. ఫోటో సైజు 2 ఎంబీ దాటిందని చెబితే ఎవరి కొంప మునుగుతుంది?

గడి చుట్టూ ఎర్రగీత గీస్తే చాలనేది ఇంకో అపోహ. రంగులు సరిగా కనిపించనివాళ్ళకీ, చూపు లేక స్క్రీన్ రీడర్‌తో (తెర మీది అక్షరాలు చదివి వినిపించే ప్రోగ్రామ్) వినేవాళ్ళకీ ఆ గీత లేనట్టే, ఏం తప్పో అక్షరాల్లో ఉండాలి. 'అయ్యో!' అంటూ బొమ్మ పెట్టి జోకు వేయడం గురించి చెప్పేదేం లేదు, డబ్బు పోయిందేమోనని భయపడే మనిషి ముందు జోకులేంటి.

అపోహ: చివర్లో మంచి రైటర్‌ని కూర్చోబెడితే మెసేజ్‌లు బాగుపడతాయి.

వాస్తవం: నా ఉద్యోగానికే ఎసరు పెట్టే మాటైనా చెప్తాను, చాలాసార్లు నా చేతుల్లో ఏమీ ఉండదు. నెట్ పోయినా, బ్యాంకు సర్వర్ ఆగినా, పిన్ తప్పయినా ప్రోగ్రామ్‌లో అన్నిటినీ ఒకే బుట్టలో పడేస్తే నా దగ్గరికి వచ్చేసరికి కారణమే మిగలదు. అప్పుడు 'ఏదో' అని తప్ప ఏం రాయను? అందుకే ఇప్పుడు డిజైన్ మొదలైన రోజే డెవలపర్ పక్కన కూర్చుని ఏమేం చెడిపోవచ్చో జాబితా రాయించుకుంటున్నాను. రాసిన ప్రతి మెసేజ్‌నీ మా ఆఫీసు వాళ్ళు కానివాళ్ళకి చూపించి, నచ్చిందా అని కాకుండా 'ఇది చూశాక ఇప్పుడేం చేస్తారు?' అని అడుగుతాను.

పైన రాసిన 5 రోజుల మెసేజ్‌ని నాన్నకీ చూపించాను. కళ్ళద్దాలు పెట్టుకుని రెండుసార్లు చదివి, ఫోన్ పక్కన పడేసి, "సరే, ఇంక రేపు చూద్దాంలే" అన్నారు.