వైద్య నిర్ణయాల్లో మనసు చూపే అడ్డదారులు: అపోహలు - వాస్తవాలు

అపోహ: అనుభవజ్ఞుడైన వైద్యుడి అంచనా తప్పు కాబోదు.

వాస్తవం: తేలికగా గుర్తుకొచ్చేదే ఎక్కువగా జరుగుతుందని మనసు నమ్ముతుందని 1974లో మనస్తత్వవేత్తలు ట్వెర్‌స్కీ, కానెమన్ వివరించారు. చెన్నైలో ఈశాన్య రుతుపవనాల నెలల్లో వైద్యులమైన మాకు ఇది ప్రతిరోజూ ఎదురయ్యేదే. వరుసగా డెంగీ రోగులను చూసిన వైద్యుడికి తరువాత వచ్చిన జ్వరమూ డెంగీగానే తోస్తుంది. అదే కాలంలో కనిపించే, చిన్న పురుగు కుట్టడం వల్ల వచ్చే జ్వరమైన స్క్రబ్ టైఫస్‌లోనూ డెంగీలోలాగే ప్లేట్‌లెట్లు పడిపోతాయి. పురుగు కుట్టినచోట నల్లటి పక్కు కట్టిన పుండు చాలామందిలో ఉంటుంది గానీ, అది చంకలోనో గజ్జల్లోనో దాగి, నొప్పి పెట్టదు కనుక రోగి దాని గురించి చెప్పడు, ఒళ్లంతా పరీక్షించని వైద్యుడికి కనబడదు. సకాలంలో డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ ఇస్తే తగ్గే ఈ జబ్బు, ఆలస్యమైతే ఊపిరితిత్తులనూ మూత్రపిండాలనూ దెబ్బతీస్తుంది.

అపోహ: మనసు చూపే అడ్డదారిలో పడేది చెడ్డ వైద్యులే.

వాస్తవం: ఇది నిజం కాదని నా తప్పు వల్లనే తెలుసుకున్నాను. సూళ్లూరుపేట వైపు నుంచి వచ్చిన, చాలాకాలంగా మధుమేహం ఉన్న ఒక పెద్దావిడ "గాబరాగా ఉంది నాయనా, ఊపిరాడటం లేదు" అన్నారు. తెలుగు రాని డ్యూటీ డాక్టరుకు పక్కనున్నవారు ఆ మాటను భయమని చెప్పడంతో, చీటీలో 'ఆందోళన' అని పడింది. నేను తెలుగువాణ్ణే అయినా, ముందు చీటీ చదివి తరువాత ఆమెను పలకరించాను కనుక నాకూ ఆందోళనే కనిపించింది. ఒళ్లంతా చెమటలు పట్టడం గమనించిన నర్సు పట్టుబట్టి ఈసీజీ తీయించాక గుండెపోటని తేలింది. మధుమేహం ఉన్నవారిలో, స్త్రీలలో ఛాతీ నొప్పి లేకుండానే గుండెపోటు రావచ్చని నాకు తెలియక కాదు. ముందే రాసి ఉన్న ఒక్క మాట ఆ తెలివిడికి అడ్డుపడింది. ఆమె కోలుకున్నారు.

అపోహ: స్కానింగ్ తీస్తే ఈ సమస్య ఉండదు.

వాస్తవం: స్కాన్ చూసేదీ మనిషి కన్నే. 2013లో అమెరికాలో ప్రచురితమైన ఒక ప్రయోగంలో, ఊపిరితిత్తుల సీటీ స్కాన్‌లో గడ్డల కోసం వెతుకుతున్న 24 మంది రేడియాలజిస్టుల్లో 20 మంది, సగటు గడ్డకన్నా 48 రెట్లు పెద్దదిగా అందులో కావాలనే చేర్చిన గొరిల్లా బొమ్మను గమనించలేదు.

అపోహ: జాగ్రత్తగా ఉండాలనుకుంటే చాలు.

వాస్తవం: అనుకోవడం ఒక్కటే చాలదు, పద్ధతి కావాలి. మా వార్డులో ఇప్పుడు రోగి చెప్పిన మాటను అనువదించకుండా, అతని భాషలోనే కేసు షీటులో రాస్తున్నాం. మూడో రోజుకు జ్వరం తగ్గకపోతే, మొదటి నిర్ధారణను పక్కనపెట్టి, తల నుంచి పాదాల దాకా మళ్లీ పరీక్షిస్తున్నాం.