రంగు, మెరుపు చూసి రాయిని నమ్మొద్దు: ఒక జియాలజిస్ట్ చెప్పే అపోహలు - వాస్తవాలు

నేను జియాలజిస్ట్‌ని అని చెప్పగానే ఎవరో ఒకరు జేబులోంచి రాయి తీస్తారు, లేదంటే ఫోన్‌లో ఫోటో చూపిస్తారు, "ఇది విలువైనదేనా సార్" అని. ఫోటో చూసి చాలాసార్లు చెప్పలేను. అందులో తెలిసేది రంగు, మెరుపు మాత్రమే, రాళ్ల విషయంలో ఎక్కువ మోసం చేసేవి ఆ రెండే.

అపోహ: సుత్తితో కొట్టినా పగలకపోతేనే అసలు వజ్రం

దీని గురించి ముందు చెప్పాలి, ఎందుకంటే దీనివల్ల నిజంగా నష్టం జరుగుతుంది. తొలకరి వానలు పడగానే కర్నూలు జిల్లా జొన్నగిరి, తుగ్గలి, అనంతపురం జిల్లా వజ్రకరూరు చుట్టుపక్కల పొలాల్లో జనం వజ్రాల కోసం వెతుకుతారు. (వాన వజ్రాలను పుట్టించదు, పైమన్నును కడిగేసి లోపలున్న రాళ్లను బయటపెడుతుంది, అంతే.) దొరికిన రాయిని సుత్తితో కొట్టి చూడమనే సలహా అక్కడ ఎవరో ఒకరు ఇస్తారు. దయచేసి ఆ పని చేయకండి. గట్టిదనం అంటే గీత పడకుండా తట్టుకోవడం, దెబ్బకు తట్టుకోవడం పూర్తిగా వేరే గుణం. 1812లో ఫ్రీడ్రిక్ మోస్ తయారుచేసిన కొలమానంలో వజ్రానిది 10, అంతకన్నా పైది అందులో లేదు, అయినా వజ్రం స్ఫటికం నాలుగు దిశల్లో సులువుగా చీలుతుంది, ఆ దిశలో దెబ్బ పడితే రెండు ముక్కలే. వజ్రాలు కోసే పనివాళ్లు ఆ గుణాన్ని వాడుకునే పెద్ద రాళ్లను చీల్చేవాళ్లు.

గాజు మీద గీత పడితే వజ్రమే అనేది కూడా తప్పు. గాజు గట్టిదనం దాదాపు 5.5, మన పొలాల్లో ఎక్కడపడితే అక్కడ దొరికే పలుగురాయిది 7, అదీ గాజును గీస్తుంది. చీకట్లో తనంతట తానే వెలగడం కూడా వజ్రం లక్షణం కాదు. సానపట్టని వజ్రం ధగధగలాడదు, పైన ఒకరకమైన జిడ్డు మెరుపు ఉంటుంది, చాలావాటికి ఎనిమిది ముఖాల ఆకారం కనిపిస్తుంది, పలుగు స్ఫటికమైతే ఆరు పక్కలతో పొడవుగా ఉంటుంది. బరువులోనూ తేడా ఉంది: వజ్రం నీటికి 3.5 రెట్లు, పలుగు 2.65 రెట్లు. అనుమానం ఉంటే సుత్తి పక్కన పెట్టి, రత్నాల పరీక్ష చేసే ల్యాబ్‌కి తీసుకెళ్లండి.

అపోహ: బొగ్గే నేలలో నలిగి వజ్రమవుతుంది

రెండిట్లోనూ ఉన్నది కార్బనే కాబట్టి ఇది నమ్మడం తేలిక, కాకపోతే కాలం లెక్క కుదరదు. సింగరేణి బొగ్గు పెర్మియన్ కాలపు అడవులది, అంటే 30 నుంచి 25 కోట్ల ఏళ్ల కిందటిది. వజ్రకరూరు దగ్గర వజ్రాలను పైకి మోసుకొచ్చిన కింబర్లైట్ శిలల వయసు దాదాపు 110 కోట్ల ఏళ్లు, అప్పటికి నేల మీద చెట్టన్నదే లేదు. వజ్రాలు సాధారణంగా 150 కిలోమీటర్ల కన్నా లోతులో తయారవుతాయి, బొగ్గు పొరలు ఆ దరిదాపులకు కూడా వెళ్లవు.

అపోహ: బరువుగా ఉందంటే అందులో బంగారమో, ఇనుమో ఉన్నట్టే

రైల్వే కోడూరు దగ్గర మంగంపేట ముగ్గురాయిని ఒక్కసారి చేతిలోకి తీసుకోండి. తెల్లగానో బూడిద రంగులోనో మామూలుగా కనిపిస్తుంది, బరువు మాత్రం నీటికి 4.5 రెట్లు. అది అందులో ఉన్న బేరియం అనే మూలకం వల్ల. ఆ బరువు కోసమే చమురు బావులు తవ్వేటప్పుడు దీని పొడిని వాడతారు.

అపోహ: నల్లగా నున్నగా ఉన్న ప్రతి బండా గ్రానైటే

చీమకుర్తిలో దొరికే, గెలాక్సీ అని పిలిచే నల్లరాయిని ప్రపంచమంతా గ్రానైట్ పేరుతోనే కొంటుంది, నిజానికి అది గాబ్రో అనే వేరే జాతి శిల, గ్రానైట్‌లో దండిగా ఉండే పలుగు ఇందులో దాదాపు ఉండదు. లోపల మెరిసే చుక్కలు బంగారం కాదు, బ్రాంజైట్ అనే ఖనిజం. వంటింటి గట్టుకు దీనితో ఇబ్బందేమీ లేదు. ఇబ్బందల్లా నల్ల కడప బండతో, ఎందుకంటే అది సున్నపురాయి. నిమ్మరసం, చింతపండు పులుసు పడి అలాగే ఉండిపోతే పాలిష్ పోయి మచ్చ పడుతుంది. తాండూరు, బేతంచెర్ల బండలదీ ఇదే కథ, వాటిని యాసిడ్‌తో కడిగితే బుసబుసా నురగ వచ్చేది మురికి పోతున్నందుకు కాదు, రాయే కరుగుతోంది. కొనేముందు ఒక ముక్క అడిగి, దాని మీద నిమ్మరసం పోసి రాత్రంతా ఉంచి చూడండి.

అపోహ: నల్లరేగడి నల్లగా ఉందంటే ఎరువు దండిగా ఉన్నట్టే

రైతులతో దీని గురించి చాలాసేపు మాట్లాడాల్సి వస్తుంది. దక్కన్ లావా రాయి, అంటే 6.6 కోట్ల ఏళ్ల కిందటి బసాల్ట్, శిథిలమై ఏర్పడిన రేగడిలో రంగుకు కారణం ఇనుము, టైటానియం ఉన్న ఖనిజాలు, బంకమన్నును గట్టిగా పట్టుకున్న కొద్దిపాటి సేంద్రియ పదార్థం. సేంద్రియ కర్బనం చాలాచోట్ల ఒక శాతం లోపే, నత్రజని, భాస్వరం కూడా తక్కువే. రేగడి అసలు బలం నీటిని పట్టి ఉంచడంలో ఉంది. కాబట్టి రంగు చూసి కాదు, భూసార పరీక్ష చేయించి ఎరువు వేయండి.

నీటిని పట్టే ఆ బంకమన్నే తడిసినప్పుడు ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోయి నెర్రెలిస్తుంది, పైన ఇల్లుంటే గోడలూ పగుళ్లిస్తాయి. రేగడిలో ఇల్లు కట్టాలనుకుంటే పునాది తీయకముందే మట్టి పరీక్ష చేయించి, పునాది ఎంత లోతు, ఏ రకం అన్నది ఇంజనీరుతో తేల్చుకోండి, పక్కింటివాళ్లు ఎంత తవ్వారో చూసి కాదు.