కోరింగ మడల్లో పాటు వేళ

కాకినాడ నుంచి యానాం వెళ్లే దారిలో, గోదావరి గౌతమీ పాయ సముద్రాన్ని కలిసే చోట కోరింగ మడ అడవి ఉంది. 1978లో అభయారణ్యంగా ప్రకటించిన ఈ అడవి సుమారు 235 చదరపు కిలోమీటర్లు. వచ్చినవాళ్లలో చాలామంది పోటు మీద, అంటే సముద్రపు నీరు ఎక్కినప్పుడు పడవెక్కి, ఫొటోలు దిగి వెళ్లిపోతారు. నా మాట వింటే పాటు వేళ, అంటే ఆ నీరు వెనక్కి తీసినప్పుడు వెళ్లండి. నీరు తీసి బురద బయటపడితేనే ఈ అడవి ఎలా బతుకుతుందో తెలుస్తుంది.

చెక్క బాట మీద నడుస్తూ కిందికి చూడండి. బురదలోంచి జానెడేసి పుల్లలు వందలకొద్దీ నిక్కపొడుచుకుని ఉంటాయి. మొలకలనుకుంటారు గానీ, అవి మడ చెట్టు వేళ్లు. నీరు నానిన ఒండ్రులో గాలి ఆడదు. అక్కడ ఆక్సిజన్ అక్కర్లేని సూక్ష్మజీవులు బతుకుతాయి, ముక్కుకు తగిలే కుళ్లిన గుడ్ల వాసన వాటిదే. అందుకని వేళ్లు గాలి కోసం పైకి పెరుగుతాయి. వాటి బెరడు నిండా సన్నటి రంధ్రాలు. పోటు వచ్చి మునిగితే నీరు లోపలికి దిగదు. లోపల మిగిలిన ఆక్సిజన్‌ను వేరు వాడేసుకుంటుంది, వెలువడిన కార్బన్ డయాక్సైడ్ నీటిలో కరిగిపోతుంది. దాంతో వేరులో పీడనం తగ్గుతుంది. నీరు తీయగానే బయటి గాలిని అదే లోపలికి లాగేస్తుంది. ఊపిరితిత్తులు లేని చెట్టుకు సముద్రమే ఊపిరి ఆడిస్తోందన్న మాట! ఎన్నిసార్లు తలచుకున్నా నాకు ఒళ్లు పులకరిస్తుంది.

మడ ఆకు మీద తెల్లటి పొడి ఉంటుంది. వేలితో తీసి నాలుక మీద వేసుకుంటే ఉప్పే. వేళ్లు వడకట్టగా లోపలికి వచ్చేసిన ఉప్పును ఆకులు ఇలా బయటికి నెడతాయి. కానీ చెట్టేదో తెలియకుండా ముట్టుకోవద్దు. పక్కనే తిల్ల చెట్టుంటుంది, దాని పాలు కంట్లో పడితే చూపుకే ప్రమాదం. ఉప్పుపొన్న మరో రకం. దాని గింజ కొమ్మ మీదే మొలకెత్తి, ములక్కాడలా వేలాడి, తర్వాత రాలుతుంది.

బురద మీద ఒక డెక్క మాత్రమే పెద్దగా ఉన్న చిన్న పీతలు కనిపిస్తాయి. అవి మగవి. పెద్ద డెక్క ఆడపీతను పిలవడానికి, ఇంకో మగదాన్ని బెదిరించడానికి. తిండికి రెండోదే గతి. ఆ బుల్లి డెక్కతో బురద తీసి నోట్లో పెట్టుకుని, అందులో తినదగ్గది ఏరుకుని, మిగిలింది ఉండలా చేసి వదిలేస్తాయి. వాటి బొరియల్లోంచి గాలి, నీరు ఒండ్రులోకి దిగుతాయి, చెట్ల వేళ్లకు అదీ మేలే. నీటికుక్కలు, బావురుపిల్లులు కూడా ఇక్కడివే. బావురుపిల్లి చేపల వేటకు ఎక్కువగా రాత్రే తిరుగుతుంది, పగలు దాని అడుగుజాడలు కనిపించినా అదృష్టమే.

పోటుపాట్లు రోజూ ముందురోజు కంటే సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తాయి కాబట్టి మొన్నటి లెక్క పట్టుకుని వెళ్లకండి, అక్కడి జాలర్లను అడగండి. అమావాస్య, పౌర్ణమి దగ్గర్లో నీరు ఇంకా దూరం తీస్తుంది, అంత బురదా చూడొచ్చు.