సాక్ష్యం చెప్పే ధైర్యం: అపోహలు, వాస్తవాలు

ఒంగోలు దగ్గర ఒక చిన్న సంఘంలో పంతొమ్మిదేళ్లుగా పరిచర్య చేస్తున్నాను. యవ్వనస్థులకు, స్త్రీల కూడికల్లో అక్కచెల్లెళ్లకు వ్యక్తిగత సువార్త మీద తరగతులు చెబుతుంటాను. క్లాసు అయిపోయి చాపలు చుట్టేసే వేళకు ఎవరో ఒకరు ఆగిపోతారు. గొంతు తగ్గించి, "అయ్యగారూ, బయట యేసయ్య పేరెత్తాలంటే నాకు ధైర్యం చాలట్లేదండీ. నేను అసలు విశ్వాసినేనంటారా?" అని అడుగుతారు. అలా అడిగినవాళ్లలో ఇంటర్ పిల్లలు ఉన్నారు, ముప్పై ఏళ్లుగా ఆదివారం ఆరాధన తప్పని పెద్దలూ ఉన్నారు. వాళ్లను బాధపెడుతున్న అపోహలను ఒక్కొక్కటిగా ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: నిజమైన విశ్వాసికి భయం ఉండదు

వాస్తవం: పౌలుకు ఉంది. కొరింథులో అడుగుపెట్టినప్పుడు తన పరిస్థితి ఏమిటో తానే రాసుకున్నాడు: "బలహీనతతోను భయముతోను ఎంతో వణకుతోను" ఉన్నానని. ఆ ఊళ్లోనే ఒక రాత్రి ప్రభువు దర్శనమిచ్చి "భయపడక మాటలాడుము, మౌనముగా ఉండకుము" అన్నాడని అపొస్తలుల కార్యములు 18వ అధ్యాయంలో చదువుతాం. భయమే లేని మనిషికి భయపడకు అని చెప్పాల్సిన పనేముంది?

నేను ప్రతి క్లాసులో తప్పకుండా చదివించేది అదే గ్రంథం 4వ అధ్యాయం. యేసు శిష్యులైన పేతురు యోహానుల ధైర్యం చూసి యూదుల మహాసభవాళ్లు ఆశ్చర్యపోయారని 13వ వచనంలో ఉంది. వాళ్లను బెదిరించి వదిలేశారు. ఆ ఇద్దరూ తమవాళ్ల దగ్గరికి వచ్చాక అందరూ కలిసి ఏమని ప్రార్థించారో 29వ వచనంలో చూడండి. బెదిరింపులు ఆపమని అడగలేదు, ధైర్యంగా మాట్లాడే కృప ఇమ్మని అడిగారు. కాసేపటి క్రితమే ధైర్యవంతులని శత్రువులే గుర్తించిన మనుషులు మళ్లీ ధైర్యం కోసం మోకరించారు. ఎడారిలో ఇశ్రాయేలీయులకు దేవుడిచ్చిన ఆహారం మన్నాలాగే ఇది కూడా ఏ రోజుది ఆ రోజే ఏరుకోవాలి. పౌలు సంకెళ్లలో ఉండి ఎఫెసు సంఘానికి రాసినప్పుడు కూడా ఇదే అడిగాడు. నా విడుదల కోసం ప్రార్థించండి అనలేదు, నేను ధైర్యంగా మాట్లాడేలా ప్రార్థించండి అన్నాడు.

అక్కడ ధైర్యం అని మనం చదివే చోట గ్రీకులో పర్రేసియా అనే మాట ఉంది. దాపరికం లేకుండా, ఉన్నది ఉన్నట్టు చెప్పడం అని దాని భావం. మన వాడుకలో దానికి దగ్గరగా ఉన్నది 'మనసు విప్పి మాట్లాడటం'. ఇలా చెప్పినప్పుడు చాలామంది ముఖాలు తేలికపడటం చూశాను. రొమ్ము విరుచుకుని నిలబడమంటే అందరి వల్లా కాదు. మనసు విప్పమంటే, కష్టమే కానీ, ప్రయత్నం చేయొచ్చు అనిపిస్తుంది.

అందుకే నేను ఇచ్చే మొదటి హోంవర్కు బయటివాళ్లకు సువార్త చెప్పడం కాదు. సంఘంలోనే ఒకరి దగ్గరికి వెళ్లి, "నాకు ఫలానా వాళ్లతో మాట్లాడాలంటే భయంగా ఉంది, నా కోసం ప్రార్థన చేయండి" అని చెప్పడం.

అపోహ: ధైర్యం అంటే గట్టిగా, ఎదుటివాళ్ల నోరు మూయించేలా మాట్లాడటం

వాస్తవం: దీనివల్ల మనం చేసుకున్న నష్టం చాలా ఉంది. ఇతరుల దేవుళ్లను తిట్టడం, పండగ రోజున వాళ్ల వీధిలో మైకు పెట్టడం, వద్దంటున్నా చేతిలో కరపత్రం కుక్కడం ధైర్యం అనిపించుకోవు. ఎఫెసులో అర్తెమి దేవి గుడి గురించి ఊరంతా అల్లరి జరిగినప్పుడు, పౌలు సహచరుల తరఫున మాట్లాడింది విశ్వాసి కాదు, ఆ పట్టణపు కరణం. వీళ్లు గుడి దోచినవాళ్లు కారు, మన దేవతను దూషించినవాళ్లూ కారు అన్నాడు. రెండేళ్లకు పైగా అక్కడ సువార్త ప్రకటించిన మనుషులకు బయటివాడు ఇచ్చిన సర్టిఫికెట్ అది. మన ఊళ్లో మన గురించి ఎవరైనా అలా చెప్పగలరా అని మనల్ని మనం అడగాలి. పేతురు కూడా సమాధానం చెప్పడానికి సిద్ధంగా ఉండమన్న నోటితోనే "సాత్వికముతోను భయముతోను" చెప్పమన్నాడు. పైగా అది అడిగినవాళ్లకు చెప్పే సమాధానం.

పరిచర్యలో కొత్తగా ఉన్నప్పుడు ఒంగోలు నుంచి చీరాల వెళ్లే ప్యాసింజరు రైల్లో ఒక పెద్దాయన ఎదురుగా కూర్చుని ఇరవై నిమిషాలు ఆపకుండా మాట్లాడాను. ఆయన తలూపుతూ విన్నారు. దిగేముందు, "బాబూ, మావాడికి ఆపరేషను, ఆస్పత్రికి పోతున్నా" అన్నారు. ఎక్కడికి వెళ్తున్నారని ఆయన్ను నేను ఒక్క మాట అడగలేదు. ఆయన కోసం, వాళ్లబ్బాయి కోసం అక్కడే ప్రార్థన చేసి ఉండొచ్చు. ఆ ముఖం నాకు ఇప్పటికీ గుర్తొస్తుంది. అప్పటి నుంచి ముందు అడుగుతాను, వింటాను. వాళ్లు చెప్పమంటేనే చెబుతాను.

అపోహ: బైబిలు అంతా తెలిసినవాళ్లే, చదువుకున్నవాళ్లే చెప్పాలి

వాస్తవం: మా ప్రాంతపు చరిత్రే దీనికి జవాబు. ఎర్రగుంట్ల పేరయ్యగారు తోళ్ల వ్యాపారం చేసుకునే మాదిగ కులస్థుడు, తాళ్లకొండపాడు ఆయన ఊరు. 1866లో బాప్తిస్మం తీసుకున్నారు. సెమినరీ లేదు, జీతం లేదు. వ్యాపారం పని మీద ఊళ్లు తిరుగుతూ తనవాళ్లకు తను నమ్మినది చెప్పారు. కొద్ది నెలల్లోనే అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ ఆ ఊరు వెళ్లేసరికి బాప్తిస్మం కోసం ఇరవై మందికి పైగా సిద్ధంగా ఉన్నారు. ఒంగోలు చుట్టుపక్కల పల్లెల్లో ఆ తర్వాత జరిగినదంతా అక్కడి నుంచి మొదలైందంటే అతిశయోక్తి కాదు. దొరలు వచ్చి చెప్తే మనవాళ్లు విన్నారు అనుకుంటాం కానీ, ఊరి నుంచి ఊరికి మోసుకెళ్లింది ఎక్కువగా మనవాళ్లే.

యోహాను సువార్త 9వ అధ్యాయంలో చూపు వచ్చిన మనిషిని యూదుల మతపెద్దలైన పరిసయ్యులు చిక్కు ప్రశ్నలు వేశారు. చాలావాటికి అతని దగ్గర జవాబు లేదు. తెలియదన్నాడు. ఒక్కటి మాత్రం తెలుసు, గుడ్డివాడిగా ఉండి ఇప్పుడు చూస్తున్నాను అన్నాడు. "తెలియదు, కనుక్కుని చెబుతాను" అనడం మీ సాక్ష్యాన్ని పాడుచేయదు. తెలియనిది తెలిసినట్టు చెబితే మాత్రం పాడవుతుంది.

అపోహ: చర్చిలో మాట్లాడే భాషలోనే చెప్పాలి

వాస్తవం: చాలామంది ధైర్యం లేదనుకుంటారు కానీ, అసలు లేనిది మాటలు. మనం చర్చిలో వాడే తెలుగు మన పక్కింటివాళ్లది కాదు. రక్షణ అంటే వాళ్లకు పోలీసులు, సైన్యం గుర్తొస్తారు. సాక్ష్యం అంటే కోర్టు, వాక్యం అంటే వ్యాకరణం. "మారుమనస్సు పొంది, రక్తములో కడుగబడి, నూతన సృష్టినయ్యాను" అని మొదలుపెడితే అవతలివాళ్లు మర్యాదకు తలూపుతారు, అంతే. ఆ మాటల లోతు నాకు తెలుసు, వాటిని వదిలేయమనడం లేదు. మొదటి పరిచయంలో మాత్రం వాటిని విప్పి చెప్పాలి.

క్లాసులో ఒక అభ్యాసం చేయిస్తాను. చర్చి మాట ఒక్కటి కూడా రాకుండా, మీ అమ్మమ్మతో మాట్లాడినట్టు మూడు నిమిషాల్లో మీ కథ చెప్పండి అంటాను. మొదటిసారి ఎవరికీ రాదు. ఒక తాపీమేస్త్రి అన్న నాలుగు వారాలు కష్టపడి చివరకు ఇలా చెప్పాడు: "నేను సాయంత్రం కూలి డబ్బులు తాగేసేవాణ్ని. మా పాప నన్ను చూసి మంచం కింద దూరేది. దేవుడు నన్ను క్షమించాడని నమ్మిన రోజు నుంచి మానేశాను. రెండుసార్లు మళ్లీ పడ్డాను. ఆయన వదల్లేదు. ఇప్పుడు పాప నాకు ఎదురొస్తుంది." గదిలో ఎవరూ ఆమేన్ కూడా అనలేకపోయారు. పడ్డానని చెప్పాడు చూడండి, ఆ మాట వల్లే మిగతాదంతా నమ్మబుద్ధయింది.

అపోహ: నా జీవితమే సాక్ష్యం, నోరు విప్పక్కర్లేదు

వాస్తవం: సగం నిజం. జీవితం లేని మాట చప్పుడే. కానీ మీరు లంచం తీసుకోకపోతే ఆఫీసులో మీరు మంచివారని అనుకుంటారు, ఎవరి వల్ల అలా ఉన్నారో వాళ్లకెలా తెలుస్తుంది? ప్రకటించేవాడు లేకుండా ఎలా వింటారు అని రోమా పత్రికలో పౌలు అడిగింది అందుకే.

అపోహ: మన దేశంలో విశ్వాసం గురించి మాట్లాడటమే నేరం (లేదా, రాజ్యాంగం ఉంది కాబట్టి ఎక్కడైనా మాట్లాడొచ్చు)

వాస్తవం: రెండూ తప్పే. రాజ్యాంగం 25వ అధికరణ మతాన్ని అవలంబించే, ఆచరించే, ప్రచారం చేసే హక్కు అందరికీ ఇచ్చింది. ప్రజా శాంతి, నైతికత, ఆరోగ్యం దాని హద్దులు. 1977లో స్టానిస్లాస్ కేసులో సుప్రీంకోర్టు, మన విశ్వాసాన్ని వివరించి చెప్పే హక్కు ఉంది కానీ మరొకరిని మతం మార్చే హక్కు అంటూ లేదని తీర్పు ఇచ్చింది. మనిషి హృదయాన్ని మార్చేది దేవుడే అని నమ్మే మనకు ఆ హద్దులో చెప్పుకోవడం కష్టం కాకూడదు.

తిరుమల వంటి ప్రకటిత పుణ్యక్షేత్రాల్లో ఇతర మతాల ప్రచారాన్ని నిషేధిస్తూ 2007 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో చట్టం ఉంది. దాన్ని పాటించండి. అక్కడికి వెళ్లి కరపత్రాలు పంచడం ఇతరుల ఆరాధనకు అడ్డు తగలడమే. ప్రభుత్వ బడిలో టీచర్లుగా ఉన్నవాళ్లు క్లాసులో మత బోధ చేయకూడదు. పనుల కోసం ఒడిశా వెళ్లే మన కూలీ సోదరులు అక్కడ 1967 నుంచి మత మార్పిడుల మీద వేరే చట్టం ఉందని గుర్తుంచుకోవాలి.

ఇక ఎక్కడైనా సరే ఆశ చూపడం, భయపెట్టడం వద్దు. చట్టం కోసమే కాదు, సువార్త గౌరవం కోసం. 1876-78 కరువులో క్లౌగారు బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి పని కల్పించారు. ఆ రోజుల్లో బాప్తిస్మం కావాలని ఎందరో అడిగినా, కూటి కోసం వస్తారేమోనని ఏడాదికి పైగా ఎవరికీ ఇవ్వనివ్వలేదు. కరువు పని ముగిశాకే, 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఇచ్చింది తెలుగు బోధకులు. ఆ అంకెను మనం గర్వంగా చెప్పుకుంటాం. దాని ముందు పట్టిన ఆ ఓపికను కూడా చెప్పుకోవాలి.

అపోహ: బయటపడనివాళ్లందరూ పిరికివాళ్లు

వాస్తవం: ఇది చెప్పేటప్పుడు నాకు బాధగా ఉంటుంది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవులైన దళితులకు ఎస్సీ హోదా ఉండదు. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఆ తలుపు తెరుచుకుంది, మనకు తెరుచుకోలేదు. మన రెండు రాష్ట్రాల్లో దళిత క్రైస్తవులను బీసీ-సీ కింద లెక్కిస్తారు. పిల్లల సీటు, ఉద్యోగం అన్నీ ఆ కుల ధ్రువీకరణ కాగితంతో ముడిపడి ఉంటాయి. అబద్ధం రాయమని నేను ఎవరికీ చెప్పలేను. కానీ స్టేజీ మీద నిలబడి వాళ్లను పిరికివాళ్లని తిట్టే బోధకుడు ముందు ఆ ఇంటికి వెళ్లి, పిల్లల ఫీజు ఎలా కడుతున్నారో చూసి రావాలి.

అపోహ: విన్నవాళ్లు మారకపోతే నేను ఓడిపోయినట్టే

వాస్తవం: 1854 జనవరి 1 తెల్లవారుజామున ఒంగోలులో ఒక కొండ మీద అయిదుగురు ప్రార్థన చేశారు. అమెరికన్ బాప్టిస్టు మిషనరీలు జూవెట్ దంపతులు, వాళ్లతో నెల్లూరు నుంచి వచ్చిన ముగ్గురు తెలుగు విశ్వాసులు. ఫలితాలు లేవని ఈ తెలుగు మిషన్నే మూసేయాలని అప్పట్లో అమెరికాలో చర్చ నడుస్తోంది. ఒంగోలుకు ఒక సేవకుణ్ని పంపమని వాళ్లు అడిగారు. క్లౌ ఒంగోలు చేరింది 1866లో. పన్నెండేళ్లు. ఆ కొండను మేము ఇప్పటికీ ప్రార్థన కొండ అనే పిలుస్తాం.

అపోహ: ఇంట్లోవాళ్లకు చెప్పడం తేలిక

వాస్తవం: అన్నిటికన్నా కష్టం అదే. మన కోపం, మన బద్ధకం అన్నీ చూసినవాళ్లు వాళ్లు. విశ్వాసి కాని భర్త ఉన్న స్త్రీలకు పేతురు ముందుగా చెప్పింది ప్రవర్తన గురించి. అయినా ఏదో ఒక రోజు దాపరికం మానేయాలి.

మా సంఘానికి వచ్చే ఒక కోడలుపిల్ల రెండేళ్లుగా ఆదివారం కుట్టు క్లాసుకని చెప్పి చర్చికి వస్తోంది. అబద్ధం చెబుతున్నానన్న టెన్షన్‌తో పాటలు కూడా సరిగా పాడలేకపోతున్నానంది. సువార్త అంతా చెప్పనక్కర్లేదమ్మా, నిజం ఒక్కటి చెప్పు చాలు అన్నాను. ఇద్దరు అక్కలు ఆమె కోసం రోజూ ప్రార్థన చేశారు. ఒక మధ్యాహ్నం అత్తగారితో కలిసి గోంగూర ఆకు తుంచుతూ, "అత్తయ్యా, నేను వెళ్లేది కుట్టు క్లాసుకు కాదు, చర్చికి. ఇన్నాళ్లూ అబద్ధం చెప్పాను, క్షమించండి" అందట. అత్తగారు ఏమీ అనలేదట. ఆకు ఉన్న చేట తీసుకుని లోపలికి వెళ్లిపోయారట. ఇప్పటికి ఆరు వారాలైంది, ఆవిడ ఇంకా ఆ మాట ఎత్తలేదు. ఈ అమ్మాయి మాత్రం బైబిలు కొంగు కింద దాచుకోకుండా చేత్తో పట్టుకుని వస్తోంది.