జర్మన్ సైన్స్ ఫిక్షన్‌ను ఇంగ్లీషులో చదవడం: అపోహలు – వాస్తవాలు

నేను పద్దెనిమిదేళ్లుగా హైదరాబాదులో జర్మన్ బోధిస్తున్నాను, అనువాదాలు చేస్తున్నాను. వ్యాకరణ సందేహాల తరువాత నేను ఎక్కువగా వినే ఫిర్యాదు, ఫలానా జర్మన్ రచయితను ఇంగ్లీషులో చదివితే ఏమంత గొప్పగా లేదన్నది. కిందటి నెల విజయవాడ నుంచి ఒక విశ్రాంత ఇంజనీరు గారు ఇదే మాట మీద ఫోన్ చేశారు. కుర్ట్ లాస్విట్స్ రాసిన ‘టూ ప్లానెట్స్’ పాత ప్రతిని ఎంతో ఖర్చుపెట్టి విదేశం నుంచి తెప్పించుకున్నారట. "అమ్మా, ఇంత పేరున్న నవల ఇలా ఉరుకులు పరుగులతో సాగుతుందేమిటి? ఈయన కంటే వెల్స్ నయం కదా!" అన్నారు, ఇంగ్లీషు రచయిత హెచ్.జి. వెల్స్‌ను ఉద్దేశించి.

అపోహ: ఇంగ్లీషులో వచ్చిందంటే పుస్తకమంతా వచ్చినట్లే.

వాస్తవం: కాదు. పాఠకుడి డబ్బుతో పాటు రచయిత పరువును కూడా తీసేది ఈ నమ్మకమే కాబట్టి దీని గురించి కొంచెం ఎక్కువగా రాయవలసి ఉంది. లాస్విట్స్ గోథా పట్టణంలో పాఠశాల ఉపాధ్యాయుడు. ఉత్తర ధ్రువానికి బెలూనులో వెళ్లినవారికి అక్కడ అంగారక వాసుల స్థావరం కనిపించడంతో మొదలయ్యే ఈ నవలను ఆయన 1897లో రెండు సంపుటాలుగా, దాదాపు వెయ్యి పుటల్లో ప్రచురించాడు. వెల్స్ అంగారకుల కథ ‘ద వార్ ఆఫ్ ద వరల్డ్స్’ పత్రికలో ధారావాహికగా వచ్చింది కూడా ఆ ఏడాదే. లాస్విట్స్ అంగారకులు భూమిని ధ్వంసం చేయడానికి రారు; నాగరికత నేర్పుతామంటూ వచ్చి, మెల్లగా పాలకులై కూర్చుంటారు. ఈ కథ ఇంగ్లీషులోకి రావడానికి 74 ఏళ్లు పట్టింది. 1971లో అమెరికాలోని ఒక విశ్వవిద్యాలయ ముద్రణాలయం వేసిన ఆ పుస్తకం సుమారు 400 పుటలు మాత్రమే, ఎందుకంటే దానికి మూలం రచయిత కొడుకు ఎరిష్ లాస్విట్స్ కుదించిన పాఠం. అంటే మా ఇంజనీరు గారు చదివింది కుదింపుకు అనువాదం. ఆయనకు తగిలిన తొందర లాస్విట్స్‌ది కాదు, కత్తెరది.

జర్మన్ వాక్యం ఇంగ్లీషులోకి వచ్చేటప్పుడు కొంత కురచ కావడం సహజం; అక్షరాల పరిమాణాన్ని బట్టి కూడా పుటలు తగ్గుతాయి. కానీ వెయ్యి పుటలు 400 కావు. కాబట్టి పాత ప్రతి కొనే ముందు కాపీరైటు పుటను ఫొటో తీసి పంపమని అమ్మేవారిని అడగండి. మూలం పేరు, మూలం వెలువడిన సంవత్సరం, అనువాదకుడి పేరు, ‘ఎబ్రిడ్జ్‌డ్’ (కుదించినది) అనే మాట ఉన్నదీ లేనిదీ, ఈ నాలుగూ చూడండి. 1913 నుంచి వెలువడిన జర్మన్ పుస్తకాలైతే, మూలం పుటల సంఖ్యను జర్మన్ జాతీయ గ్రంథాలయం కేటలాగులో ఎవరైనా ఉచితంగా వెతికి చూసుకోవచ్చు. అనువాదకుడి పేరే లేని పుస్తకాన్ని నేనైతే కొనను.

దీనికి మరో ముఖం ఉంది. ఆండ్రియాస్ ఎష్‌బాఖ్ 1995లో రాసిన నవల ఒకటి ఉంది. ఒక మనిషి తన భార్యల, కూతుళ్ల వెంట్రుకలతో చక్రవర్తి కోసం జీవితమంతా కూర్చుని ఒకే ఒక్క తివాచీ అల్లుతాడు. ఆ తివాచీలు చివరికి ఎక్కడికి పోతున్నాయన్నదే కథ. అది 2005లో డోరిల్ జెన్సెన్ అనువాదంగా ‘ద కార్పెట్ మేకర్స్’ అన్న పేరుతో అమెరికాలో వచ్చింది. అదే అనువాదాన్ని 2020లో పెంగ్విన్ ‘ద హెయిర్ కార్పెట్ వీవర్స్’ అన్న పేరుతో వేసింది. మొదటిది చదివి మురిసిపోయిన నా విద్యార్థిని ఒకామె, రెండోది దాని తరువాతి భాగమనుకుని కొని, పది పుటలు చదివాక "మేడమ్, నేను మోసపోయానా?" అని సందేశం పెట్టింది. ఎవరూ మోసం చేయలేదు; కాపీరైటు పుట చూడకపోవడమే జరిగింది. పాపం, ఆమె వారం రోజులు తనను తాను తిట్టుకుంది. నేనూ ఒకప్పుడు ఇలాగే ఒక పుస్తకాన్ని రెండుసార్లు కొన్నానని చెప్పాకే ఊరుకుంది.

అపోహ: జర్మన్ సైన్స్ ఫిక్షన్ అంటే పెరీ రోడాన్ అనే వారపు ధారావాహిక ఒక్కటే.

వాస్తవం: 1961 సెప్టెంబరులో మొదలై, మూడు వేల సంచికలు దాటి ఇంకా వారం వారం వస్తున్న ఆ ధారావాహిక నిజంగానే ఒక వింత. అమెరికన్ ప్రచురణ సంస్థ ఏస్ 1969 నుంచి ఇంగ్లీషులో వేసిన పుస్తకాలు అందులోని తొలి భాగాలు మాత్రమే. వాటిని చదివి జర్మన్ సైన్స్ ఫిక్షన్ మొత్తం మీద తీర్పు చెప్పేవారితో నాకు ఓపిక లేదు. హెర్బర్ట్ ఫ్రాంకే ‘ద ఆర్కిడ్ కేజ్’, వోల్ఫ్‌గాంగ్ యెష్కే ‘ద లాస్ట్ డే ఆఫ్ క్రియేషన్’ పాత పుస్తకాల దుకాణాల్లో ఇప్పటికీ దొరుకుతాయి. ఒక్క పుస్తకంతో మొదలుపెట్టాలనుకునేవారికి 2008లో వచ్చిన ‘ద బ్లాక్ మిర్రర్’ కథాసంకలనం చాలు.

అపోహ: అట్ట మీద ఇంగ్లీషు పేరుంటే రచయిత ఇంగ్లీషువాడే.

వాస్తవం: పెరీ రోడాన్ సృష్టికర్తలలో ఒకరైన వాల్టర్ ఎర్న్‌స్టింగ్ 1950లలో తన సొంత నవలను, క్లార్క్ డార్ల్టన్ అనే ఇంగ్లీషు రచయిత పుస్తకానికి తాను చేసిన అనువాదమని చెప్పి ప్రచురణకర్తకు ఇచ్చాడు. అప్పట్లో జర్మన్ పేరుతో సైన్స్ ఫిక్షన్ అమ్ముడుపోదని ప్రచురణకర్తల నమ్మకం. ఇప్పుడు అంతరిక్ష నవలలు రాస్తున్న బ్రాండన్ క్యూ. మోరిస్ కూడా జర్మనే.

అపోహ: సైన్స్ ఫిక్షన్ అరలో లేనిది సైన్స్ ఫిక్షన్ కాదు.

వాస్తవం: మార్లెన్ హౌస్‌హోఫర్ ‘ద వాల్’, యూలి ట్సే ‘ద మెథడ్’ సాధారణ నవలల అరలోనే ఉంటాయి. అక్కడా వెతకండి.

అపోహ: ఇవన్నీ డాలర్లు పోసి తెప్పించుకోవలసినవే.

వాస్తవం: డీట్మార్ డాట్ రాసిన ‘ది అబాలిషన్ ఆఫ్ స్పీషీస్’ను 2013లో ఇంగ్లీషులో వేసినది కోల్‌కతాలోని సీగల్ బుక్స్. లండనూ కాదు, న్యూయార్కూ కాదు.

జర్మన్ రాకుండా ఈ సాహిత్యం జోలికి వెళ్లడం తప్పేమోనని బెరుకుగా అడిగేవారు కూడా ఉన్నారు. ఏమీ తప్పు లేదు. నేనూ ఎన్నో రష్యన్ నవలలు ఇంగ్లీషులోనే చదివాను. చదువుతున్నది ఏ పాఠమో తెలుసుకుని చదివితే చాలు.

ఇంజనీరు గారికి నేను ఆల్ఫ్రెడ్ డోబ్లిన్ ‘మౌంటెన్స్ ఓషన్స్ జయంట్స్’ సూచించాను. 1924 నాటి ఆ నవల ఇంగ్లీషులో 2021లో వచ్చింది. డోబ్లిన్ 1932లో దానినే వేరే పేరుతో తిరగరాశాడు కాబట్టి, అనువాదానికి మూలం ఏదో ముందు చూసుకోమని మరీ చెప్పాను. ఆయన కాపీరైటు పుటతో సహా అట్ట నుంచి అట్ట వరకూ ఫొటోలు తీసి పంపి, నేను సరేనన్నాకే చదవడం మొదలుపెట్టారు. ఇప్పుడు గ్రీన్‌లాండ్ మంచు కరిగించే ఘట్టంలో ఉన్నారు. ఐస్‌లాండ్ అగ్నిపర్వతాల వేడిని టూర్మలైన్ అనే ఖనిజపు తెరలలో నింపి ఓడలలో తరలించడం ఏ లెక్కన కుదురుతుందో చెప్పమని రోజూ సాయంత్రం నాతో పేచీ పెట్టుకుంటున్నారు.