కౌలుదారు చెప్పిన చోటికే అనిమోన్ నడక

హైదరాబాద్ నుంచి ఒక పాఠకుడు రాశారు. ఇంట్లో ఉప్పునీటి అక్వేరియం పెట్టి ఏడాదయిందట. ఈ మధ్య బబుల్ టిప్ అనిమోన్ ఒకటి కొన్నారు. అనిమోన్ అంటే కాలితో రాయికి అతుక్కుని, తల చుట్టూ మెత్తటి స్పర్శకాలు (వేళ్లలాంటి తీగలు) చాచి బతికే సముద్ర జంతువు. తొట్టె నడిమధ్యలో, సరిగ్గా దీపం కింద, చూడముచ్చటైన రాయి మీద దాన్ని కూర్చోబెట్టారు. తెల్లవారేసరికి అది రాయి వెనక్కి పోయి అద్దానికి అతుక్కుని ఉంది. తెచ్చి మళ్లీ మధ్యలో పెట్టారు. మళ్లీ పోయింది. "వెలుతురు ఎక్కువైందా, తక్కువైందా? తొట్టె ఈశాన్యంలో లేకపోవడం వల్ల కాదు కదా?" అని అడిగారు.

ముందు ఈశాన్యం సంగతి. అనిమోన్‌కు దిక్కులతో పని లేదు. వాస్తు కోసం తొట్టెను తూర్పు కిటికీ పక్కకు జరిపితే మాత్రం పొద్దుటి ఎండ నేరుగా పడి నీరు వేడెక్కుతుంది, అద్దాల నిండా పాకుడు పడుతుంది. ఇక ఉప్పు శాతం, ఉష్ణోగ్రత, నైట్రేట్లు: ఏడాదిగా తొట్టె నడుపుతున్నవారికి అవి నేను చెప్పక్కరలేదు. నన్ను పట్టి ఉంచింది ఆ రాత్రి నడక.

ఇంటర్మీడియట్ జంతుశాస్త్రంలో సీ అనిమోన్ పేరు వినగానే మనకు గుర్తొచ్చేది సన్యాసి పీత. పీత వీపు మీద అనిమోన్, సహజీవనానికి ఉదాహరణ, రెండు మార్కులు. అంతకంటే గాఢమైన సహజీవనం దాని చర్మం లోపలే నడుస్తోందని నాకు తరగతిలో ఎవరూ చెప్పలేదు. పగడపు దిబ్బల మీద బతికే అనిమోన్ల స్పర్శకాల లోపలి పొరలో, కణాల మధ్య కాదు, కణాల లోపలే, గోధుమరంగు శైవలాలు కాపురం ఉంటాయి. ఒక్కోటి మిల్లీమీటరులో నూరో వంతు ఉంటుంది. జూజాంథెల్లే అంటారు వాటిని.

ఈ ఏర్పాటు అచ్చంగా మన కౌలు లాంటిది. భూమి అనిమోన్‌ది, సాగు శైవలానిది. కిరణజన్య సంయోగక్రియతో పండించిన గ్లూకోజు, గ్లిసరాల్‌లో అధిక భాగం యజమానికి కౌలుగా ముడుతుంది. యజమాని తన వంతుగా కార్బన్ డయాక్సైడు, నత్రజని ఇస్తాడు. క్లౌన్ చేపలు అనిమోన్‌లో చేరితే ఎరువు కూడా వచ్చినట్లే, ఎందుకంటే అవి విడిచే అమ్మోనియా నేరుగా పొలంలోనే పడుతుంది. మన ఊళ్ల కౌలుకూ దీనికీ ఒక తేడా ఉంది. ఇక్కడ యజమానికి కోపం వస్తే కౌలుదారును ఖాళీ చేయించవచ్చు, కావాలంటే జీర్ణం చేసుకోనూ వచ్చు. ఇంకో తేడా, ఈ పొలానికి కాలుంది. ఎండ చాలకపోతే పొలమే లేచి నడుస్తుంది.

నడవమని చెప్పేది ఎవరు? అమెరికా పసిఫిక్ తీరంలో ఆంథోప్లూరా ఎలెగాంటిసిమా అనే అనిమోన్ ఉంది. వెలుతురు తగిలే రాళ్ల మీద పెరిగినవాటిలో శైవలాలు ఉంటాయి. చీకటి గుహల్లో పెరిగినవాటిలో ఉండవు, అవి తెల్లగా ఉంటాయి. జాతి ఒక్కటే. విక్కీ పియర్స్ అనే శాస్త్రవేత్త 1974లో ఈ రెండు రకాలనూ వెలుతురు, నీడ ఉన్న చోట వదిలి చూశారు. శైవలాలు ఉన్నవి వెలుతురును బట్టి జరిగాయి: సరిపడా ఉంటే దానివైపు, మితిమీరితే దానికి దూరంగా. శైవలాలు లేనివి ఆ తేడానే పట్టించుకోలేదు. కాలు యజమానిదే, కానీ ఎటు నడవాలో తేల్చేది కౌలుదారు! బబుల్ టిప్ వేరే జాతి, నిజమే. అయినా ఈ ప్రయోగం గురించి చదివినప్పటి నుంచి, తొట్టెలో అనిమోన్ కదిలినప్పుడల్లా నేను దాన్ని కాకుండా దాని రంగునే చూస్తున్నాను.

మరి కాంతితో బతికే కౌలుదారు కాంతికి దూరంగా ఎందుకు పోతాడు? దీనికి కల్లం దాకా వెళ్లాలి. కోత కోసినంత వేగంగా నూర్పిడి జరగకపోతే ధాన్యం కల్లంలోనే కుప్ప పడుతుంది, వాన తగిలితే మొలకలెత్తుతుంది. శైవలంలో పత్రహరితం, పెరిడినిన్ అనే వర్ణద్రవ్యాలు ఫోటాన్లను, అంటే కాంతి రేణువులను, కోస్తాయి. ఆ శక్తితో చక్కెర తయారుచేసే ఎంజైములు నూర్పిడి చేస్తాయి. కోతకు హద్దు లేదు, నూర్పిడికి ఉంది. మిగిలిపోయిన శక్తి ఊరికే పడి ఉండదు. పక్కనున్న ఆక్సిజన్‌ను అంటుకుని సూపర్ ఆక్సైడ్, హైడ్రోజన్ పెరాక్సైడ్ లాంటి విషాలను పుట్టిస్తుంది. కాంతిని పట్టే యంత్రంలోని డీ1 అనే ప్రొటీను దెబ్బతింటుంది. రోజూ పాడవడం, రోజూ బాగుచేసుకోవడం దానికి మామూలే. పాడయ్యే వేగం మరమ్మతును దాటినప్పుడే ముప్పు. ఆ విషం యజమాని కణాల్లోకి కారితే యజమాని కౌలుదార్లను బయటికి తోస్తాడు. అనిమోన్ తెల్లబడిందంటే అదే అర్థం.

చిక్కంతా ఇక్కడే ఉంది. మసక వెలుతురులో ఉన్న శైవలం ఆకలి కొద్దీ వర్ణద్రవ్యాన్ని పెంచుకుంటుంది, అంటే కొడవళ్ల సంఖ్య పెంచుతుంది. దుకాణంలో మసక దీపం కింద వారాలు గడిపిన అనిమోన్‌ను తెచ్చి ఒక్కసారిగా మీ దీపం నడిబొడ్డున పెడితే, వంద కొడవళ్లతో వచ్చినవాడికి ఒక్క నూర్పిడి బండ ఇచ్చినట్లవుతుంది. రాత్రికి రాత్రి రాయి వెనక్కి పోయిందంటే నాకు ఆశ్చర్యం లేదు. మొదట దీపాన్ని సగానికి తగ్గించి, రెండు మూడు వారాల్లో మెల్లగా పెంచాలి. కొడవళ్లు తగ్గించుకోవడానికి కౌలుదారుకు ఆ మాత్రం గడువు కావాలి.

ఎంత వెలుతురు అనేదానికి లెక్క ఉంది. 400 నుంచి 700 నానోమీటర్ల మధ్య ఫోటాన్లు ఒక చదరపు మీటరు మీద సెకనుకు ఎన్ని పడుతున్నాయో మైక్రోమోళ్లలో కొలుస్తారు (మోల్ అంటే రేణువులను గుత్తగా లెక్కపెట్టే కొలత, మైక్రోమోల్ అందులో పది లక్షలో వంతు). మిట్టమధ్యాహ్నపు ఎండలో ఇది సుమారు 2000. బబుల్ టిప్‌కు అక్వేరియం అభిరుచి ఉన్నవారు సాధారణంగా 100 నుంచి 250 మధ్య ఉంచుతారు. రోజుకు 9 గంటలు 150 చొప్పున వేస్తే మొత్తం 4.86 మోళ్లు. నడినెత్తి ఎండ 40 నిమిషాల్లో దాదాపు అంత ఇస్తుంది. అలాగని 40 నిమిషాల ఎండ చూపిస్తే సరిపోతుందా? సరిపోదు. బస్తాల లెక్క ఒకటే అయినా కల్లానికి వచ్చే వేగం వేరు.

ఫోనులోని లక్స్ మీటరుతో కొలిచి మోసపోకండి. లక్స్ మన కంటికి తగ్గట్టు కట్టిన కొలత, మన కన్నేమో 555 నానోమీటర్ల ఆకుపచ్చకు బాగా స్పందిస్తుంది. అక్వేరియం ఎల్‌ఈడీల్లో ఎక్కువగా ఉండేది 450 దగ్గరి నీలం. ఒకే సంఖ్యలో ఫోటాన్లు వచ్చినా, లక్స్‌లో నీలం విలువ ఆకుపచ్చతో పోలిస్తే సుమారు ఇరవయ్యో వంతే. శైవలానికి నీలమే ఇష్టమైన తిండి. మీకు మసకగా కనిపించే నీలి వెలుగులో అది విందు చేసుకుంటూ ఉండవచ్చు. "గది చీకటిగా ఉంది, ఇంకాస్త పెంచుదాం" అనుకుని అనిమోన్‌ను మాడ్చినవారు ఉన్నారు.

ఇంకో అపోహ, వెలుతురును నీళ్లు తినేస్తాయని. సముద్రంలో పదుల మీటర్ల లోతుకు వెళ్తే ఆ మాట చెల్లుతుంది. ఎరుపు మొదటి కొన్ని మీటర్లలోనే పోతుంది. రెండడుగుల తొట్టెలో శుభ్రమైన నీరు నీలాన్ని దాదాపు ముట్టుకోదు. తగ్గించేది దూరం. దీపం నుంచి 40 సెంటీమీటర్ల దూరంలోని రాతి కొనకు, 70 సెంటీమీటర్ల దూరంలోని ఇసుకకు మధ్య వెలుతురు, వర్గ విలోమ సూత్రం ప్రకారం, మూడో వంతుకు పడిపోతుంది. అద్దాలు కొంత వెనక్కి కొడతాయి కాబట్టి అసలు నష్టం అంతకంటే తక్కువ. అంటే ఒకే దీపం కింద, ఒకే తొట్టెలో, మీకు తెలియకుండానే వెలుతురు వాలు ఒకటి ఉంది. అనిమోన్ ఎక్కేది, దిగేది ఆ వాలు మీదే.

ఇప్పటిదాకా కౌలుదారు మాటే చెప్పాను. యజమానికీ ఒక పట్టింపు ఉంది, అది కాలి గురించి. బబుల్ టిప్‌కు కాలు దాచుకోవడానికి లోతైన చీకటి సందు కావాలి. తల మాత్రం వెలుగులో ఉండాలి. ఏదైనా తగిలితే పూర్తిగా లోపలికి ముడుచుకుపోయేంత సందు. ఈ పాఠకుడు పంపిన ఫొటోలో ఆ అందమైన రాయి నున్నగా, బండలా ఉంది. వెలుతురు సరిపోయినా కాలు దాచుకునే చోటు లేదు. ఈ రెండు కోరికలూ ఒకే చోట తీరేలా, తొట్టె మధ్య ఎత్తులో, వేలు పట్టేంత బొరియ ఉన్న రాయి పెట్టి, అనిమోన్ పాదాన్ని ఆ బొరియ అంచున ఆనించి, ప్రవాహాన్ని గంటసేపు తగ్గించండి. ఆపైన చెయ్యి పెట్టకండి. అన్ని జాతుల పట్టింపూ ఇదే కాదు: హడోనీ కార్పెట్ అనిమోన్ కాలిని ఇసుకలో పాతుకుంటుంది. హెటెరాక్టిస్ మాగ్నిఫికా అనే అనిమోన్ దిబ్బ కొనకెక్కి నలుగురికీ కనబడేలా కూర్చుంటుంది. దానికి వెలుతురు, ప్రవాహం రెండూ గట్టిగా కావాలి.

దుకాణంలో పాలలా తెల్లగా ఉన్న అనిమోన్‌ను "అరుదైన రంగు" అని అమ్ముతారు. కౌలుదార్లు లేచిపోయిన బీడు అది. నిమ్మపండు పసుపులో మెరిసేదాన్ని చూస్తే రంగు వేశారేమోనని అనుమానించాలి. స్పర్శకాల్లో కొంచెమైనా గోధుమ ఛాయ ఉన్నదాన్నే కొనండి.

నడిచే అనిమోన్‌తో అసలు ప్రమాదం వెలుతురులో లేదు. నా తొట్టెలో ఒకటి తెల్లవారుజామున నీటి పంపు జాలీ మీదికి ఎక్కింది. లేచి చూసేసరికి నీరు పలచటి గంజిలా ఉంది, సగం స్పర్శకాలు పంపు లోపల ఉన్నాయి. తొట్టెలో మూడొంతుల నీరు మార్చినా రెండు చేపలు పోయాయి. మీ అనిమోన్ ఇంకా చోటు వెతుక్కుంటోంది కదా, పంపుకు స్పాంజి తొడుగు ఈ సాయంత్రమే వేసేయండి.