మూడు తేగలు, నాలుగు బీజాలు

సంక్రాంతి ముందు తేగల పాతర తవ్వేటప్పుడు చూడండి. ఒకే తాటిపండులోని మూడు టెంకలు, ఒకే మట్టి. తేగలు మాత్రం ఒకటి బొటనవేలంత లావు, ఇంకొకటి పుల్ల. ఈ తేడాలో జన్యువుల వాటా ఎంత, ఎన్ని జన్యువులకు వాటా ఉంది? తాడిచెట్టును అడిగితే లాభం లేదు. గీతకు రావడానికే దానికి పన్నెండేళ్లు పైన పడుతుంది.

జవాబు చెప్పగలిగేది ఆ చెట్టుకు కట్టిన ముంతలోనే ఉంది. పొద్దున దించిన కల్లు మధ్యాహ్నానికి బుసబుస పొంగుతుందే, ఆ పొంగు చాలావరకు ఈస్టు అనే సూక్ష్మజీవి పనే. బేకరీలో, ప్రయోగశాలలో వాడే శాకరోమైసిస్ సెరివిసియే కల్లులోనూ ఉంటుంది. తిండి దొరికితే గంటన్నరకు రెట్టింపవుతుంది. జన్యువులు సుమారు 6,000. వాటి క్రమాన్ని 1996లోనే పూర్తిగా చదివేశారు.

నాకు ముచ్చటేసేది దాని కాన్పు. రెండు రకాల ఈస్టును కలిపి, పుట్టిన సంకరాన్ని పస్తు పెడితే ఒక్కో కణం సంచిలా మారి, లోపల నాలుగు బీజాలు కడుతుంది. సంచి గోడను ఎంజైముతో మెత్తబరిచి, సూక్ష్మదర్శిని కింద సన్నటి గాజుసూదితో నాలుగింటినీ విడదీస్తారు. ముంజలు తీసినట్టే, బొటనవేలి బదులు సూది. పైగా ప్రతి బీజంలో ఒక్కో జన్యువుకు ఒక్క ప్రతే ఉంటుంది కాబట్టి ఒకదాని చాటున ఇంకొకటి దాక్కోలేదు.

మనుషుల ఎత్తులో 80 శాతం దాకా తేడా వారసత్వానిదే అంటారు. తొలి అధ్యయనాల్లో దొరికిన జన్యుస్థానాలన్నీ, అంటే ఎత్తును మార్చే జన్యువులుండే చోట్లన్నీ, కలిపినా తేలింది 5 శాతమే. మిగతాది ఎటుపోయింది? 2013లో జన్యుశాస్త్రవేత్త లియొనిద్ క్రుగ్ల్యాక్ బృందం ఒక ప్రయోగశాల ఈస్టుకూ ఒక ద్రాక్షతోట ఈస్టుకూ పుట్టిన 1,008 పిల్లలను రకరకాల మందుల మీద, లోహాల మీద, వేడిలో పెంచి, 46 లక్షణాలు కొలిచింది. ఒక్కో లక్షణానికి 5 నుంచి 29 జన్యుస్థానాలు బయటపడ్డాయి. వేటి ప్రభావం వాటిదిగా కూడుకుంటూ పోయే వారసత్వం దాదాపు అంతా లెక్కకొచ్చింది. అంటే ఎటూ పోలేదు, చిన్నచిన్న ముక్కలు కావడంతో తక్కువ మందిని కొలిస్తే కంటికి ఆనలేదంతే. జన్యువులు ఒకదానితో ఒకటి కలిసి చేసే పని మాత్రం లక్షణాన్ని బట్టి మారింది. కొన్నిటిలో దాదాపు సున్నా, కొన్నిటిలో సగం దాకా.

ఒక్క జన్యుస్థానంతో నడిచే లక్షణమూ, చాలావాటితో నడిచే లక్షణమూ మన వరిలో రెండూ కనిపిస్తాయి. మార్టేరులో పుట్టిన స్వర్ణకు సబ్‌1 అనే ఒక్క జన్యుస్థానం ఎక్కిస్తే రెండు వారాల దాకా మునిగినా తేరుకుంటుంది. దిగుబడికి అలాంటి ఒంటి ఆసామి లేడు. అది పదుల మంది వాటాలేసి లీజుకు తీసుకున్న చేపల చెరువు.